సూళ్లూరుపేటలో తెల్ల ఫ్లెమింగోలు

ఫ్లెమింగో ఫెస్టివల్ పోస్టర్‌లో ఆ గులాబీ రంగు చూసి మోసపోయాను. విజయవాడలో రాత్రి రైలెక్కి, గూడూరులో బండి మారి, తెల్లారేసరికి సూళ్లూరుపేటలో దిగి, ఆటోకి 1,200 ఒప్పుకున్నది ఆ రంగు కోసమే. 800కి బేరమాడదామనుకున్నాను గానీ చలిలో నోరు పెగల్లేదు.

శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సును నిలువునా చీల్చుకుంటూ పోతుంది. రెండు పక్కలా నీళ్లే. అటకానితిప్ప దగ్గర ఆటో ఆపి, డ్రైవర్ కుడివైపు చెయ్యి చూపించాడు. "అయ్యే సార్."

దూరంగా, సున్నం కొట్టిన రాటలు పాతినట్టు వరసగా నిలబడి ఉన్నాయి. తల తలకిందులుగా నీళ్లలో ముంచి బురద జల్లెడ పడుతున్నాయి. అంతా తెలుపే. పట్టిపట్టి చూస్తే కాస్త గులాబీ ఛాయ. ఈ తెలుపు చూడటానికి ఇంత దూరం దేనికి, మా కాలువ గట్టున కొంగలు లేవా?

"ఏంది సార్, ఇవి తెల్లగా ఉన్నాయనా?" అన్నాడు. నా మొహం చదివేశాడు. "లేసేటప్పుడు చూడండి. అప్పుడు తెలస్తాది." గంటసేపు కూర్చున్నాను. ఒక్కటీ లేవలేదు. అసలు సిగ్గుచేటు ఏంటంటే, నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. ఈ పక్షి రంగు ఒంట్లో పుట్టేది కాదు, తిండిలోంచి వచ్చేదని ఏటా బోర్డు మీద రాస్తాను. పిల్ల బూడిద రంగులో పుడుతుంది, గులాబీ తిరగడానికి రెండుమూడేళ్లు పడుతుంది. పైగా జంట కట్టే రోజుల్లో పెద్ద ఫ్లెమింగోలు తోక దగ్గరి గ్రంథిలోని రంగు నూనెను ఈకలకు పూసుకుంటాయి, అచ్చం మేకప్పే. గుడ్లు పెట్టాక అది మానేస్తాయి, రంగూ వెలిసిపోతుంది. ఆ ముస్తాబు చూడాలంటే అవి గూళ్లు కట్టే గుజరాత్‌లోని కచ్ రణ్‌కి పోవాలి. పులికాట్‌కి అవి వచ్చేది తిండికి. తిండికొచ్చినవాళ్లు పెళ్లిబట్టల్లో ఎందుకుంటారు? ఇవన్నీ తెలిసీ పోస్టర్‌ను నమ్మాను.

మధ్యాహ్నం నేలపట్టు పక్షుల కేంద్రానికి పోదామనుకున్నది ఎగ్గొట్టి, ఊళ్లో ఒక చిన్న మెస్‌లో కూర్చున్నాను. రొయ్యల వేపుడు ప్లేటు 250. లెక్కపెట్టాను, తొమ్మిది. కానీ పొయ్యి నా బల్లకి ఎదురుగానే ఉంది. వంటావిడ గిన్నెలోంచి రొయ్యలు పెనంలోకి వంపింది. బురదనీళ్ల రంగు, అక్కడక్కడ నీలి మెరుపు. నూనె చిటపటమంది. తోకల అంచున మొదలైంది ఎరుపు, అక్కణ్ణుంచి నడుం మీదికి పాకి, నిమిషంలో అన్నీ నారింజ రంగుకి తిరిగాయి. "ఎరుపొచ్చినాక దించెయ్యాలబ్బా, లేకుంటే రబ్బరే" అందావిడ, అడక్కుండానే. బందరులో మా అమ్మదీ ఇదే మాట.

ఆ ఎరుపు నిప్పు తెచ్చింది కాదు. అంతకుముందే రొయ్యలో ఉంది. ఆస్టాజాంథిన్ అనే రంగుని ఒక ప్రోటీన్ గట్టిగా పట్టుకుని నీలిబూడిదగా మార్చి దాచిపెడుతుంది. బురదలో చేపల కంట పడకుండా ఉండాలంటే ఆ రంగే మేలు. వేడికి ప్రోటీన్ పట్టు వదిలేస్తుంది, దాగున్నది బయటపడుతుంది. ఆ రంగు రొయ్య సొంతమూ కాదు, అసలు పుట్టుక నీటి పాచిలో. పాచిని తిన్న చిట్టి రొయ్య జాతి జీవులను ఫ్లెమింగో తింటుంది. రొయ్య దాచుకునే ఆ జాతి రంగునే పక్షి ఈకల మీద పరుచుకుంటుంది. పొద్దుటి నుంచి సరస్సులో వెతుకుతున్నది పెనంలో కనపడితే నవ్వొచ్చింది. తొమ్మిదీ తిని, ఇంకో ప్లేటు చెప్పాను.

మళ్లీ అటకానితిప్పకి పోదామంటే డ్రైవర్ ఇంకో 300 అడిగాడు. ఇచ్చాను. పొద్దు వాలుతోంది. రోడ్డు మీద లారీ హారన్ కొట్టింది. మంద మొత్తం నీళ్ల మీద పరుగెత్తి పైకి లేచింది. రెక్కలు విప్పగానే లోపల మోదుగుపూల ఎరుపు, అంచులకు కాటుక నలుపు. ఆ నలుపు మెలనిన్ అనే రంగు పదార్థం, గాలిని కోసే ఈకలు తొందరగా అరిగిపోకుండా గట్టితనం ఇస్తుంది. ఇదీ బోర్డు మీద రాసేదే. ఆ క్షణంలో మాత్రం ఏ మాటా గుర్తు రాలేదు.

"చెప్పలే?" అన్నాడు డ్రైవర్.

నేను ఫోన్ తీసేలోపు అవి కాస్త అవతల వాలి, రెక్కలు ముడిచేసుకున్నాయి. ఫొటోలో మళ్లీ సున్నం రాటలే.