తాతయ్య చొక్కా జేబు

ఆదివారం, విజయనగరం.

గురువారం తాతయ్య తద్దినం. గోడమీది ఫోటో చెమ్మకి మచ్చలు పడిపోయింది, కొత్తది కట్టించాలని నాన్న నెల్లాళ్లుగా అంటున్నారు. నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసే రోజుల్లో తాతయ్య తీయించుకున్న పాస్‌పోర్ట్ సైజు నలుపు-తెలుపు ఫోటో ఒకటి నానమ్మ ట్రంకుపెట్టెలో దొరికింది. 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కల చొప్పున) స్కాన్ చేసి, ప్రింట్ తీద్దామని పొద్దున్నే కూర్చున్నాను. గంట పని అనుకున్నది సాయంత్రం దాకా పట్టింది.

మా ప్రింటర్‌లో ఆరు ఇంకులు: నలుపు, సయాన్, మెజెంటా, పసుపు, ఇంకా లేత సయాన్, లేత మెజెంటా. బూడిద రంగు ఇంకు లేదు. మరి బుగ్గమీది నీడ ఏ చుక్కలతో రావాలి? అది తేల్చేది డ్రైవరే, అంటే కంప్యూటర్లో ఉండి ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్. ప్రింటర్ అదే, కాగితం అదే, ఫైలు అదే. డ్రైవర్ మారేసరికి ముఖం మారిపోతోంది.

ముందు ప్రింటర్‌తో వచ్చిన డ్రైవర్‌తో తీశాను. ట్యూబ్‌లైట్ కింద చాలా నున్నగా, బాగుంది. నానమ్మకి చూపిద్దామని పెరట్లోకి పట్టుకెళ్లాను. ఎండలో ఒక్క క్షణం చూసి, "ఇదేటిరా, మీ తాత మొహం ఇలగ పచ్చగా ఉందేటి?" అంది. నిజమే. లోపలికి తెస్తే మామూలుగా ఉంది, బయటికి తీసుకెళ్తే పచ్చన. గ్రేస్కేల్ (నలుపు-తెలుపు) టిక్ పెట్టి మళ్లీ తీశాను. భూతద్దం పెట్టి చూస్తే బుగ్గమీద లేత నీలం, గులాబీ చుక్కలు ఇంకా కనిపిస్తున్నాయి. రంగులన్నీ కలిపి బూడిద రంగు తెప్పిస్తే, వెలుగు మారినప్పుడల్లా ఆ కలయిక ఒక పక్కకి ఒరుగుతుంది.

అప్పుడు పాత లాప్‌టాప్ తీశాను. అందులో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, గుటెన్‌ప్రింట్ అనే డ్రైవర్ ఉన్నాయి. ఫోటోలు దిద్దే గింప్ అనే సాఫ్ట్‌వేర్ కోసం మొదలైంది అది, ఒకప్పుడు దాని పేరే గింప్-ప్రింట్. నాకది ఎందుకంత ఇష్టమంటే, లోపల ఏం జరుగుతోందో మన చేతికిస్తుంది: గామా (మొత్తంగా ఎంత వెలుగుగా రావాలన్నది), సాంద్రత (ఎంత ఇంకు పడాలన్నది), చుక్కలు పేర్చే పద్ధతి, అన్నీ. ఒక్క నల్ల ఇంకుతోనే తీశాను. ఎండలోనూ ట్యూబ్‌లైట్‌లోనూ ఒకేలా ఉంది! కానీ నుదుటి మీద, చొక్కా మీద గసగసాలు చల్లినట్టు చుక్కలు. లేత చోట్ల నల్ల చుక్కలు దూరం దూరంగా పడతాయి కదా, దాచుకోడానికి చోటుండదు. బూడిద ఇంకులు కూడా ఉన్న ప్రింటర్లకి ఈ బాధ తక్కువ. మనకున్నది ఇదే.

ఇక మొత్తం ఫోటో తీస్తూ కాగితం తగలెయ్యడం మానేసి, తెలుపు నుంచి నలుపు దాకా 21 మెట్లున్న స్ట్రిప్ తీస్తూ పోయాను. మొదట్లో చివరి నాలుగు మెట్లూ కలిసిపోయి ఒకే నలుపు. సాంద్రత తగ్గిస్తే అవి విడిపోయాయి. చుక్కలు పేర్చే పద్ధతుల్లో ఈవెన్‌టోన్ అనేదానికి మార్చి, రిజల్యూషన్ పెంచితే గసగసాలు కాస్తా సన్న ఇసుకయ్యాయి. గామా కొంచెం దించాక, అంతవరకూ కాగితం తెలుపులో కలిసిపోయిన చొక్కా జేబు అంచు, దానికి గుచ్చిన పెన్ను క్లిప్పు బయటపడ్డాయి.

నాన్నకి మాత్రం మొదటి ప్రింటే నచ్చింది, నున్నగా ఉందని. నాకు నచ్చలేదు. ఈ ఫోటో వేలాడేది వీధి గుమ్మానికి ఎదురుగా. పొద్దున్న ఎండ పడుతుంది, రాత్రి ట్యూబ్‌లైట్, సాయంత్రం దీపం. పూటకో రంగులో తాతయ్యని చూడలేను. చుక్కలంటారా, మూరెడు దూరం నుంచి కనబడవు.

నానమ్మ రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. వేలు పెన్ను క్లిప్పు దగ్గర ఆపి, "హాజరు రాసే పెన్ను" అంది. ఇంకేమీ అనలేదు.

ప్రింట్ బల్లమీద ఆరుతోంది. ఇంకు పూర్తిగా ఆరాక నలుపు కొంచెం మారుతుంది, రేపు పొద్దున్న మళ్లీ ఎండలో చూడాలి. బాగుంటే గంటస్తంభం దగ్గర ఫ్రేము కట్టించాలి.