గాలి అక్కర్లేని చోట కలపడమెందుకు?

మంగళవారం.

ఈ రోజు కాలేజీలో చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదు. మధ్యాహ్నం వరకు లాక్టోబాసిల్లస్ అనే లాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియాతో పులియబెట్టే గాజు పాత్ర దగ్గరే సరిపోయింది. లోపల గ్లూకోజు, ఈస్టు సారం కలిపిన ద్రావణం, దానికి 45 డిగ్రీల వేడి, పుట్టే ఆమ్లాన్ని విరిచేందుకు సుద్దపొడి, అంటే కాల్షియం కార్బొనేట్. పిల్లలకు చూపించడం కోసం కలిపే రెక్కను కాసేపు ఆపించాను. సుద్ద మెల్లగా దిగి అడుగున తెల్లటి పొరలా పేరుకుంది; పైభాగంలో ముంచిన పీహెచ్ మీటరులో, పులుపు పెరిగేకొద్దీ తగ్గే అంకె కొద్దికొద్దిగా పడిపోసాగింది. మళ్లీ రెక్క తిప్పగానే, పైన చేరిన ఆమ్లం సుద్దకు తగిలి కార్బన్ డయాక్సైడ్ బుసబుసమని లేచింది, నురగ మూతదాకా పొంగింది, అంకె తిరిగి పైకి వచ్చింది.

"మేడమ్, వీటికి గాలే అక్కర్లేదన్నారు కదా, మరి ఎందుకు తిప్పుతున్నాం?" అని వెనక నిలబడిన అమ్మాయి అడిగింది. ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడగాలనే రెక్క ఆపించాను.

కలపడమంటే గాలి అందించడమే అన్న అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. వెనిగర్ విషయంలో అది నిజమే, ఎందుకంటే ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లంగా మార్చే బ్యాక్టీరియాకు ఆక్సిజన్ లేనిదే పని జరగదు. లాక్టిక్ బ్యాక్టీరియా దారి వేరు: అది ఒక గ్లూకోజు అణువును రెండు లాక్టిక్ ఆమ్లపు అణువులుగా విడగొట్టి, ఆ క్రమంలో వచ్చే రెండు ఏటీపీలతోనే, అంటే శక్తినిచ్చే అణువులతోనే, బతుకుతుంది, అందులో ఆక్సిజన్‌కు చోటే లేదు. దాని ఇబ్బందల్లా తాను తయారుచేసిన ఆమ్లంతోనే. ద్రావణం పులిసేకొద్దీ అయాన్లుగా విడిపోని ఆమ్లపు అణువులు కణంలోకి చొరబడి లోపలి సమతౌల్యాన్ని చెడగొడతాయి. సుద్ద అడుగునే పడి ఉంటే దాని పక్కనున్న కణాలు హాయిగా ఉంటాయి గాని పైనున్నవి పులుపులో ఊపిరాడక ఆగిపోతాయి. అందుచేత ఇక్కడ రెక్క చేసే పని సుద్దనూ వేడినీ పాత్రంతటా సమంగా పంచడమే.

దాన్ని నెమ్మదిగా తిప్పాలనడానికి కారణమూ ఇదే. వేగం పెంచితే మధ్యలో సుడి ఏర్పడి పైనున్న గాలిని లోపలికి లాగుతుంది. గ్లూకోజు విరిగినప్పుడు ముందు వచ్చే పైరువేటును లాక్టేటుగా, అంటే లాక్టిక్ ఆమ్లంగా, మార్చడానికి ఖర్చు కావలసిన ఎన్ఏడీహెచ్ (కణంలో హైడ్రోజన్ మోసే అణువు) అప్పుడు ఆక్సిజన్ మీద ఖర్చయిపోతుంది, పైరువేటులో కొంత ఎసిటిక్ ఆమ్లం వంటివాటి వైపు మళ్లుతుంది. కొన్ని జాతులు హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కూడా పుట్టించి, దాన్ని విరగ్గొట్టే క్యాటలేజ్ ఎంజైము తమకు లేక తామే దెబ్బతింటాయి. అన్ని జాతులూ ఒకేలా ప్రవర్తించవు, కొన్ని గాలిని బాగానే తట్టుకుంటాయి; కాని ఆమ్లం దిగుబడే మన లక్ష్యమైతే గాలిని దూరం పెట్టడమే మేలు.

1857లో పాశ్చర్ ఈ బ్యాక్టీరియా ఉనికిని గుర్తించినప్పుడు చూసింది కూడా సుద్ద వేసిన పాత్రలోనే, అడుగున పేరుకున్న సుద్ద మీద కనిపించిన బూడిదరంగు మచ్చల్లోనే. కుదురుగా ఉన్న పాత్ర కాబట్టే ఆ మచ్చలు ఆయన కంట పడ్డాయని నాకనిపిస్తుంది.

సాయంత్రం ఇంట్లో అత్తయ్యగారు గోరువెచ్చని పాలలో చేమిరి వేసి గరిటెతో బాగా కలిపి, "ఇక దీన్ని ఎవరూ కదపకండి" అన్నారు. ఆ రెండు పనులూ సరైనవే. మొదట కలపకపోతే చేమిరి ఒక్కచోటే ఉండిపోయి, అక్కడ పులిసి మిగతా చోట పాలుగానే ఉంటుంది. పాలను మరిగించినప్పుడే కరిగి ఉన్న ఆక్సిజన్ చాలావరకు పోతుంది, అదీ కలిసి వస్తుంది. కదపవద్దనడానికి మాత్రం బ్యాక్టీరియాతో సంబంధం లేదు. పాల పీహెచ్ 6.6 దగ్గర మొదలై దిగుతూ, 5 దాటే లోపే కేసిన్ అనే పాల ప్రొటీను రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోవడం మొదలుపెట్టి, 4.6 దగ్గరకొచ్చేసరికి వలలా గట్టిపడతాయి. ఆ మధ్యలో కదిపితే వల తెగి నీరు ఊరుతుంది, పెరుగు పలుకులు పలుకులుగా మిగులుతుంది. బ్యాక్టీరియా మాత్రం నిక్షేపంగా ఆమ్లం చేస్తూనే ఉంటుంది. నా మీటరు దృష్టిలో అది ఏ లోపమూ లేని ఫెర్మెంటేషన్, అత్తయ్యగారి దృష్టిలో అది పెరుగే కాదు. తినే వస్తువు విషయంలో నేను ఆవిడ పక్షమే. గిలకొట్టిన పెరుగు అమ్మే డెయిరీలు కూడా ముందు ట్యాంకును కదపకుండా ఉంచి, తోడుకున్నాకే మెల్లగా తిప్పుతూ చల్లారుస్తాయి.

రేపు పిల్లల చేత సుద్ద లేకుండా రెండు ఫ్లాస్కులు పెట్టిస్తాను: ఒకటి కుదురుగా, ఒకటి గాలి తగిలేలా దూదిమూతతో, ఊపే యంత్రం షేకర్ మీద. ఆమ్లం విరిగిపోగానే రంగు చూపే ఫినాల్ఫ్తలీన్ వేసి 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేషన్ చేస్తే, అంటే ఆమ్లం విరిగేదాకా ఆ క్షారాన్ని చుక్కచుక్కగా కలిపితే, ఖర్చయిన ప్రతి మిల్లీలీటరుకూ 9 మిల్లీగ్రాముల చొప్పున లాక్టిక్ ఆమ్లం లెక్క తేలుతుంది. ఎసిటిక్ ఆమ్లం పుట్టి ఉంటే అదీ ఇందులోనే కలిసిపోతుంది గనుక ఈ ఒక్క లెక్కతో సరిపోదని ముందే చెప్పాలి. షేకర్ ఫ్లాస్కులోనే ఎక్కువ పులుపు వస్తుందని ఆ అమ్మాయి ఇంకా పట్టుబడుతోంది.