తాతయ్య కారు, మావాడి క్లే టవల్

సెలవులకు పిల్లలను ఇండియా తీసుకెళ్లే అమ్మానాన్నలు ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. అక్కడ వాళ్లను చుట్టాలను చేసి కూర్చోబెట్టకండి, చేతికి ఏదో ఒక పని ఇవ్వండి, వీలైతే వాళ్లకు బాగా వచ్చిన పనే ఇవ్వండి.

మేం మిషిగన్‌లో, డెట్రాయిట్ దగ్గర ఉంటాం. మా పుట్టిల్లు ప్రకాశం జిల్లాలో, ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్లే దారిలో ఉంది. మావాడు పదో క్లాసు, అమ్మాయి ఆరో క్లాసు. ఏటా వేసవిలో ఇంటికెళ్తే మొదటి ఒకట్రెండు రోజులు "ఎంత పొడుగైనాడో", "బిడ్డ చిక్కిపోయిందే" అంటూ సందడిగా గడుస్తుంది. ఆ తర్వాత పిల్లలు ఏసీ గదిలో ఫోన్లతో, మా అమ్మ వంటింట్లో వీళ్లు ఏం తింటారో తెలియక టెన్షన్‌తో, నాన్న వరండాలో పేపరుతో. అందరికీ అందరి మీదా ప్రేమే, కానీ కలిసి చేయడానికి ఒక్క పని ఉండదు. "స్కూలు ఎట్టా ఉంది?" అని తాతయ్య అడిగితే "బాగుంది తాతా" అంటాడు వీడు, అక్కడితో మాటలు అయిపోతాయి. పోయిన వేసవిలో మాత్రం అలా జరగలేదు. దానికి కారణం మావాడు సూట్‌కేసులో పెట్టుకొచ్చిన క్లే టవల్, అంటే కారు పెయింటు మీది గరుకు తీసే గుడ్డ.

మిషిగన్‌లో 14 ఏళ్ల 9 నెలలు నిండి, డ్రైవింగ్ క్లాసు మొదటి భాగం పూర్తిచేస్తే లెవెల్ 1 లెర్నర్ లైసెన్స్ ఇస్తారు. ఆ వయసు దగ్గరపడ్డప్పటి నుంచీ వీడికి కార్ల పిచ్చి పట్టింది. నడపడం కంటే ముందు కారును చూసుకోవడం నేర్చుకోమన్నారు మావారు. అక్కడ చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, మార్చి వచ్చేసరికి కారంతా తెల్లచారలు కట్టి ఉంటుంది. షాంపూ పెట్టి కడిగితే చూడ్డానికి శుభ్రమవుతుంది గానీ చెయ్యి పెడితే గరుకు పోదు. బ్రేకు వేసిన ప్రతిసారీ సన్నటి ఇనప రజను లేచి వెళ్లి పెయింటు మీద దిగబడుతుంది, తడి తగిలి తుప్పు పడుతుంది, తెల్ల కారు మీద అయితే చిన్న చిన్న నారింజ రంగు చుక్కలుగా కనిపిస్తుంది కూడా. చెట్ల జిగురు, తారు చుక్కలు, ఎవరో పక్కన గేటుకు రంగు కొడుతుంటే గాలికి ఎగిరొచ్చిన తుంపర, ఇవేవీ సబ్బుకు లొంగవు. వీటికోసం పాత పద్ధతిలో క్లే బార్ అని మెత్తటి ముద్ద వాడేవాళ్లు, ఇప్పటికీ వాడతారు. అది చేయిజారి కిందపడిందంటే ఇసుక లోపలికి కూరుకుపోతుంది, ఇక పారేయాల్సిందే. క్లే టవల్ అంటే మైక్రోఫైబర్ గుడ్డకు ఒకవైపు సింథటిక్ రబ్బరు పొర పూసింది. కిందపడినా నీళ్లలో బాగా జాడించి, వేలితో తడిమి చూసుకుని మళ్లీ వాడుకోవచ్చు. పెద్దగా ఉంటుంది కాబట్టి పని కూడా తొందరగా తెములుతుంది.

ఇక మా నాన్న కారు సంగతి. తెల్ల డిజైర్, పగలంతా వేపచెట్టు కింద ఉంటుంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ గురించి తెలియని వాళ్లుండరు, నల్లరాయిలో బంగారు చుక్కలు, ఆ మెరుపంతా బ్రాంజైట్ అనే ఖనిజానిది. ఆ రాళ్లు వేసుకుని లారీలు మా ఇంటి ముందు నుంచే పోతాయి, దారి పొడుగునా కటింగ్, పాలిషింగ్ యూనిట్లు. రాతిపొడి పడని వస్తువుండదు. పైగా మా బోరు నీళ్లు ఉప్పు, కడిగి వదిలేస్తే ఆరేసరికి తెల్ల మచ్చలు. మా వీధిలో అందరూ చేసే పని ఒకటుంది, పొద్దున్నే లేచి పొడిగుడ్డతో కారు తుడవడం. రాతిపొడి ఉన్న కారును పొడిగుడ్డతో తుడవడమంటే రాయితో గీయడమే. రంగు పైనుండే పారదర్శక పొర, అదే క్లియర్ కోటు, ఎంత గట్టిదైనా రాతి ముందు మెత్తనిదే. ఎండలో బానెట్ మీదికి వంగి చూస్తే ఎండ మెరుపు చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు కనబడతాయే, అవి ఎక్కువగా ఇలా వచ్చినవే. దయచేసి ఆ పని మానేయండి, ముందు నీళ్లు పోసి దుమ్ము జారిపోనివ్వండి.

మావాడు వెళ్లిన మర్నాడే జెట్‌లాగ్ వల్ల తెల్లవారుజామునే లేచి కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. నాన్న కాఫీ గ్లాసుతో వచ్చి పక్కన నిలబడ్డాడు. వీడు కారు ఒకచోట కడిగి, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్ మీద నెమ్మదిగా నిమిరి, "తాతా, నువ్వు కూడా చూడు" అని ఆ కవరు ఆయన చేతికి తొడిగాడు. వట్టి చేతికి తెలియని గరుకు కూడా కవరులోంచి తెలుస్తుంది. "ఓరి నీ, ఏందిరా ఇది, ఉప్పుకాగితం మాదిరుందే!" అన్నాడు మా నాన్న. కారు ఆయనది, ఇన్నేళ్లుగా రోజూ తుడుస్తున్నది ఆయనే. అక్కడి నుంచి ఆయన కాఫీ చల్లారిపోయింది.

పని ఎండెక్కకముందే చేయాలి, రేకు వేడిగా ఉంటే సబ్బునీళ్లు క్షణాల్లో ఆరిపోయి టవల్ పట్టేస్తుంది. ఒంగోలులో జూన్ అంటే ఆరు గంటలకే మొదలెట్టాలి. ముందు కారంతా మామూలుగా షాంపూతో కడిగారు, ఒక బకెట్టు సబ్బునీళ్లకు, ఒకటి మంచినీళ్లకు. కొత్త టవల్ రబ్బరు మీద తయారీలో అంటిన పల్చటి పూత ఉంటుంది, అందుకే మొదట పెయింటు మీద పెట్టకుండా ముందు అద్దం మీద బోలెడు సబ్బునీళ్లు పోసి కాసేపు రుద్దాలి. ఆ పని మా అమ్మాయికి ఇచ్చాడు. తర్వాత కారు షాంపూ కలిపిన నీళ్లు ధారాళంగా పోస్తూ, బానెట్‌లో సగం, డోరులో సగం చొప్పున చిన్న చిన్న భాగాలుగా, అటూ ఇటూ తిన్నటి గీతల్లో నడపాలి, గుండ్రంగా తిప్పకూడదు. గిన్నెలు తోమే సబ్బు తెస్తే వద్దన్నాడు, దాంట్లో సరిపడా జారుడు ఉండదట. మొదట టవల్ గరగరమంటూ ఆగి ఆగి కదులుతుంది, కాసేపటికి చప్పుడు తగ్గి దానంతటదే జారిపోతుంది, ఆ జారుడు వచ్చిందంటే అక్కడ పని అయినట్టే. టవల్ తిప్పి చూస్తే బూడిదరంగు రబ్బరు మీద గోధుమరంగు జిడ్డుచారలు. అది చూసి మా నాన్న ముఖం వెలిగిపోయింది. ప్రతి భాగానికీ ఓసారి మంచినీళ్లలో ముంచి, వేళ్లతో ఆ చారలు వదిలించి, మడత మార్చి మళ్లీ మొదలు. తాతయ్య ఉత్సాహం కొద్దీ బలంగా నొక్కుతుంటే వీడు చెయ్యి పట్టుకుని ఆపాడు: "నొక్కొద్దు తాతా. బరువు వద్దు. టవలే పోవాలి." ఆదివారం తెలుగు క్లాసులో ఎన్నేళ్లుగానో అచ్చులు హల్లులు దిద్దుతున్న పిల్లాడు అక్కర కొద్దీ నోరు తెరిచి, ఎదుటి మనిషికి పని నేర్పడానికి తెలుగు వాడటం నేను అదే మొదటిసారి చూడటం. క్లాసులు వద్దని అనను, అక్షరాలు వచ్చింది అక్కడే. మాట మాత్రం ఇలాంటి చోటే వస్తుంది.

చివరగా కడగడానికి బోరు నీళ్లు వాడలేదు, ఇంట్లోకి తెప్పించే 20 లీటర్ల ఆర్‌వో క్యాన్ ఒకటి తెచ్చి పోశారు. మా అమ్మ తాగేనీళ్లు కారుకు పోస్తారా అని గొణిగింది, కానీ ఆరాక ఒక్క మచ్చ లేదు. క్లే చేశాక పెయింటును కాపాడే పాత వ్యాక్స్ పూత కూడా పోతుంది కాబట్టి కొత్తగా వ్యాక్స్ వేయకుండా వదలకూడదు. అది కూడా నీడలోనే.

మా తమ్ముడు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజరు. పని దిగి వచ్చి ఆ కారు మీద చెయ్యి వేసి వాడడిగిన మొదటి ప్రశ్న, "ఇది ఎంత గ్రిట్టురా అల్లుడూ?" అని. గ్రిట్టు అంటే అరగదీసేది ఎంత ముతకో, ఎంత సన్నమో చెప్పే లెక్క. ఇక చూడండి. పలక మీద మొదట ముతక గ్రిట్టు, తర్వాత సన్నం, ఇంకా సన్నం, నీళ్లు ఆగకుండా పడుతుండాలి, నీళ్లు లేకుండా పాలిష్ హెడ్ పెడితే రాయి కాలి మచ్చ పడుతుంది అని వాడు చెప్తుంటే, ఫైన్ టవల్ మామూలు వాడకానికి, మీడియం అయితే మురికి ఎక్కువ లాగుతుంది గానీ పెయింటు మీద మసక వదులుతుంది, తర్వాత పాలిష్ తప్పదు అని వీడు చెప్పాడు. క్లియర్ కోటు సుమారు 40, 50 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుందని వింటూనే మా తమ్ముడు ఆశ్చర్యపోయాడు. మర్నాడు మేనల్లుణ్ణి బండి మీద యూనిట్‌కు తీసుకెళ్లాడు. సాయంత్రం వచ్చేసరికి వీడి చెప్పులు, ప్యాంటు అన్నీ రాతి బురద. చిన్నప్పటి నుంచీ అమ్మమ్మ ఊరు అంటే రాళ్ల ఊరు అని విన్నాడు, ఆ రాయి అద్దంలా ఎలా మారుతుందో మాత్రం ఆరోజే దగ్గరుండి చూశాడు.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం ఆ తర్వాత జరిగిన సంగతి. మా తమ్ముడిది నల్లకారు. దానికి కూడా చేసిపెట్టమన్నాడు, చుట్టూ స్నేహితులున్నారు, మాట మీద మాటగా "రేపు పొద్దున్నే చేసేద్దాం" అని ఖాయం చేసేశాడు. మావాడు కారు చూసి "వద్దు మామయ్యా" అన్నాడు. నా గుండె ఆగినంత పనైంది. మా ఇళ్లలో మేనమామ అడిగితే, అదీ నలుగురి ముందు, పిల్లలు కాదనరు. అక్కడ స్కూల్లోనేమో అభిప్రాయం సూటిగా చెప్పమని నేర్పుతారు. ఈ రెంటి మధ్యా మా పిల్లలు నలిగిపోతారని నాకెప్పుడూ దిగులు, ఎటు నేర్పినా రెండోవైపు తప్పవుతుందేమో అని. వాడు మాత్రం కాదని ఊరుకోలేదు. మామయ్యను వెనక్కి తీసుకెళ్లి, డిక్కీ మీద ఓ మూల అరచెయ్యంత చోట నీళ్లు పోసి టవల్ నడిపి, తుడిచి, ఎండలో చూపించాడు. గరుకు పోయింది కానీ సన్నటి మసక. "వైట్ మీద కనపడదు, బ్లాక్ మీద కనిపిస్తుంది. పాలిష్ మెషిన్ ఉంటేనే చేద్దాం మామయ్యా, లేకపోతే నీ కారు పాడవుతుంది." మా తమ్ముడు వంగి చాలాసేపు చూశాడు. తర్వాత స్నేహితుల వైపు తిరిగి, "వాడు చెప్పింది కరెక్టే, ఫినిషింగ్ లేకుండా రాయి బయటికి పంపుతామా మనం" అన్నాడు. కాదనడం వేరు, గౌరవం తగ్గడం వేరు అని నేను మాటల్లో ఎంత చెప్పినా ఇంతలా అర్థమయ్యేది కాదు, వాడికైనా, ఆ నలుగురికైనా, నిజానికి నాకైనా. మాటకు ముందు రుజువు చూపించాడు, "నీ కారు పాడవుతుంది" అని ఎదుటివాళ్ల మంచి కోరి చెప్పాడు. రెండు ఊళ్ల పెంపకం కలిసి ఇలా రావాలనే కదా మనమంతా కోరుకునేది.

అమ్మాయి కారు దగ్గర ఎక్కువసేపు నిలవలేదు. అమ్మమ్మతో చివరి కాయల మాగాయలో దిగింది, అది దాని లోకం.

టవల్ జాగ్రత్తల గురించి కూడా రాయాలి, ఎందుకంటే మన ఎండకు అది పాడవడం సులువు. పని అయ్యాక మంచినీళ్లలో కడిగి, రబ్బరు వైపు వేళ్లతో చారలన్నీ వదిలించాలి. పెట్రోలు, థిన్నరు తగిలితే రబ్బరు చెడిపోతుంది. వాషింగ్ మెషిన్‌లో వేయకూడదు. మా అమ్మ అందరి బట్టలతోపాటు డాబా మీద తీగకు ఆరేయబోతే వీడు పరుగున వెళ్లి తెచ్చుకున్నాడు. నీడలో, రబ్బరు వైపు పైకి పెట్టి ఆరనివ్వాలి. రబ్బరుకు రబ్బరు తగిలేలా మడిస్తే వేడికి అంటుకుపోతుంది, విడదీస్తే పొర ఊడొస్తుంది, అందుకే కొన్నప్పుడు వచ్చిన ప్లాస్టిక్ షీటు పారేయకుండా దాని మీదే పరిచి దాచాలి. కారు డిక్కీలో అసలు వదలొద్దు. మిషిగన్‌లో కథ తిరగబడుతుంది, గ్యారేజీ చలికి రబ్బరు బిగుసుకుపోతుంది, గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నానేస్తే మళ్లీ మెత్తబడుతుంది. పొర పగిలినట్టు, ఊడుతున్నట్టు కనిపిస్తే ఇక బాడీ మీద వాడకూడదు, చక్రాలకు మార్చేయాలి, చక్రాలకు వాడింది మళ్లీ బాడీ మీదికి రాకూడదు. మెరుపు లేని మ్యాట్ పెయింటు మీద వాడనే వద్దు. గీతలు, లోపలికి తినేసిన నీటి మచ్చలు దీనితో పోవు, అవి పాలిష్ పని.

వచ్చేటప్పుడు టవల్ తాతయ్యకే ఇచ్చేశాడు. అమ్మ ఒక పాత బిస్కెట్ డబ్బా ఖాళీ చేసి ఇచ్చింది. డబ్బా మూత లోపల ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలుగులో రాసి అంటించాడు, వత్తులు కొన్ని తప్పు, నేను దిద్దబోతే నాన్న ఒప్పుకోలేదు.

ఇప్పుడు వీడియో కాల్‌లో "స్కూలు ఎట్టా ఉంది" అనే ప్రశ్న రావడం లేదు. అక్టోబరులో మా వైపు ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి. మొన్న ఆదివారం నాన్న ఫోన్ చేసి నన్ను పలకరించను కూడా లేదు, "అబ్బయ్యను పిలువు" అన్నాడు. వ్యాక్స్ వానలకు ముందు వేయాలా, వెలిశాక వేయాలా అని. ముందే వేయమన్నాడు వీడు, వేసేముందు కవరు పెట్టి బానెట్ చూడమన్నాడు, గరుకు లేకపోతే ఈసారికి క్లే అక్కర్లేదు, కడిగి వ్యాక్స్ వేస్తే చాలన్నాడు.