పెరుగు లేని పద్దెనిమిది రోజులు

2009 అక్టోబర్‌లో నా ఉద్యోగం పోయింది. అందులో వింతేం లేదు, అప్పుడు మేముండేది డెట్రాయిట్ పక్కన, నేను పనిచేసేది కార్ల విడిభాగాలు చేసే కంపెనీ ఐటీలో. ఏప్రిల్ ఆఖర్లో క్రైస్లర్, జూన్ 1న జనరల్ మోటార్స్ దివాలా పిటిషన్ వేశాక మా ఆఫీసులో రోజూ ఎవరో ఒకరు అట్టపెట్టె పట్టుకుని లిఫ్ట్ దగ్గర కనపడేవారు. దేశం మొత్తం మీద నిరుద్యోగం 10 శాతం, మిషిగన్‌లో 14 దాటింది. నా వంతు వచ్చిన రోజు హెచ్ఆర్ ఆవిడ ఇచ్చిన కవర్లో నేను వెతికింది రెండే: నాలుగు వారాల జీతం, ఇన్సూరెన్స్ 31 దాకా.

ఇన్సూరెన్స్ పోయేలోపు మనవాళ్లందరూ ఏం చేస్తారో మేమూ అదే చేశాం. పళ్లు, కళ్లు, పాపకి టీకాలు, అన్నీ రెండు వారాల్లో కానిచ్చేశాం. 29న నేను మామూలు చెకప్‌కి వెళ్తే డాక్టరమ్మ నా వెనక నిలబడి మెడ మీద రెండు చేతులూ ఆనించి "మింగు" అంది. మింగాను. "ఇంకోసారి" అంది. తర్వాత కాగితం గ్లాసులో నీళ్లిచ్చి మళ్లీ మింగమంది. ఆ మూడోసారికి నాకు టెన్షన్ మొదలైంది.

ఉద్యోగం పోయినా పాత కంపెనీ ఇన్సూరెన్స్‌నే మొత్తం డబ్బు మనం కట్టుకుంటూ 18 నెలలు నడుపుకోవచ్చు, దాన్ని కోబ్రా అంటారు. ఆ పేరు ఊరికే రాలేదనిపించింది, బిల్లు చూస్తే పడగ విప్పినట్టే ఉంది: మా ముగ్గురికీ నెలకి 1,230 డాలర్లు. నాకు 34 ఏళ్లు, సిగరెట్ కూడా లేదు, ఎందుకులే అని ఆ ఫారం ఫ్రిజ్ మీద పడేసి ఉంచాం. చెకప్ నుంచి వచ్చిన రాత్రే దాన్ని దించి నింపాను. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒబామా సంతకం పెట్టిన స్టిమ్యులస్ (ఆర్థిక ఉద్దీపన) చట్టం పుణ్యమా అని లేఆఫ్ అయినవాళ్ల కోబ్రాలో 65 శాతం ప్రభుత్వం భరించింది కాబట్టి మాకు పడింది 430. డాలస్‌లో ఉన్న మా బావగారు ఆ చట్టాన్ని "మన పిల్లల నెత్తిన అప్పు" అనేవారు, నేనూ సరేనని తలూపినవాణ్నే.

నవంబర్‌లో సూది పరీక్ష, పాపిలరీ థైరాయిడ్ క్యాన్సర్. "క్యాన్సర్లలో ఇది మంచిది" అని ముగ్గురు డాక్టర్లు విడివిడిగా చెప్పారు. మా ఆవిడ మూడో ఆయన్ని "మరి మీరు తీసుకుంటారా?" అని తెలుగులో అడిగింది, నా అదృష్టం ఆయనకి అర్థం కాలేదు.

ఒంగోలు నుంచి నాన్న ఫోన్. "ఒరేయ్, ఇక్కడ రాజశేఖరరెడ్డి ఆరోగ్యశ్రీ పెట్టి రెండేళ్లు దాటింది, అంత గొప్ప దేశంలో ఆ మాత్రం లేదా?" రిటైర్డ్ టీచరుకి తెల్లకార్డు లేదు కదా, ఆయనకీ ఆరోగ్యశ్రీ రాదు. ఆ సంగతి గుర్తు చేస్తే "అది వేరే విషయం" అన్నారు.

జనవరి రెండో వారంలో థైరాయిడ్ మొత్తం తీసేశారు. రెండో రాత్రి పెదాల చుట్టూ చీమలు పాకుతున్నట్టు జివ్వుమంది, కాల్షియం పడిపోయిందట, బిళ్లలు మింగితే తగ్గింది. గొంతు మాత్రం ఆరు వారాలు రాలేదు. ఫోన్ ఇంటర్వ్యూల్లో "జలుబా?" అని అడిగితే అవునని అబద్ధం చెప్పేవాణ్ని. నిజం చెప్పి ఏం చేస్తాం. ఇన్సూరెన్స్ లేకుండా 63 రోజులు గడిస్తే, తర్వాత ఉద్యోగం దొరికినా పాత జబ్బుకి కవరేజీ ఏడాది దాకా ఆపే హక్కు అప్పట్లో కంపెనీ ప్లాన్లకి ఉండేది. సబ్సిడీ అయిపోతుంది, కోబ్రా అయిపోతుంది, మెడ మీద గీత మాత్రం ఉంటుంది.

అందరికీ ఇన్సూరెన్స్ అందాలని ఒబామా పట్టుబట్టిన ఆరోగ్య బీమా బిల్లు మీద బావగారితో వాదనలన్నీ ఈ రోజుల్లోవే. ఆయనకి పాతికలోపు మనుషులతో చిన్న కన్సల్టెన్సీ ఉంది, సిటిజన్, రిపబ్లికన్లకి ఓటేస్తారు. "ఇల్లు కాలుతుంటే ఈయన గోడలకి రంగులేస్తానంటాడేంటయ్యా, ముందు ఉద్యోగాలు చూడాలి" అనేవారు. వాళ్ల నాయకుడు జాన్ బేనర్ పాట కూడా అదే, ఉద్యోగాలేవి అని. జనవరి 27న ఒబామా కూడా 2010లో ఉద్యోగాలకే మొదటి పీట అన్నాడు. బావగారు వెంటనే ఫోన్ చేసి "చూశావా, ఆయనే ఒప్పుకున్నాడు" అన్నారు. ఉద్యోగం, ఇన్సూరెన్స్ ఒకే కవర్లో పెట్టి తీసేసుకున్నారు కదా, ఇందులో ముందేది వెనకేది బావగారూ అని అడగాలనుకున్నాను. గొంతు బొంగురు, మాట పూర్తయ్యేలోపు ఆయన ఇంకో పాయింట్‌కి వెళ్లిపోయేవారు. ఆ ఆరు వారాలూ ఆయనే గెలిచారు.

అలాగని ఆయనేం రాతిమనిషి కాదు. ఫిబ్రవరిలో "మా కంపెనీలో చేరిపోవయ్యా, ఈఏడీ ఉంది కదా, ఇంట్లోంచే పని చెయ్, ఇన్సూరెన్స్ వస్తుంది" అన్నారు. (ఈఏడీ అంటే గ్రీన్‌కార్డు వచ్చేలోపు ఏ కంపెనీలోనైనా పనిచేసుకోనిచ్చే వర్క్ పర్మిట్, 2007 జూలైలో అందరితో పాటు ఫైల్ చేసి తెచ్చుకున్నది, అదే లేకపోతే ఆపరేషన్‌కి ముందే పెట్టె సర్దుకోవాల్సింది.) నేను సంతోషంగా సరే అన్నాను. వారం దాకా ఫోన్ లేదు. తర్వాత అక్క చేసింది, ఆయన చేయలేదు. అంత చిన్న గ్రూపులో ఒక క్యాన్సర్ కేసు చేరితే వచ్చే రెన్యువల్‌లో అందరి ప్రీమియం లేస్తుందని బ్రోకర్ చెప్పాడట. అందరిదీ ఆయనే కడుతున్నారు, అప్పటికే ఏటా పెరుగుతోంది, ఇద్దర్ని తీసేయాల్సి వచ్చేలా ఉందట. అక్క ఏడుస్తోంది. నేనే ఓదార్చాను. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ని, అయినా నాలుగు రోజులు కోపం తగ్గలేదు.

మార్చిలో రేడియో అయోడిన్, అంటే మిగిలిపోయిన థైరాయిడ్ కణాల్ని చంపే రేడియోధార్మిక మందు. ముందు థైరాయిడ్ మాత్రలు ఆపేస్తారు, ఒంట్లో అయోడిన్ లేకుండా చేస్తారు. అయోడైజ్డ్ ఉప్పు వద్దు, పాలు వద్దు, పెరుగు వద్దు, చేప వద్దు, ఏ ఉప్పు వేశారో తెలియదు కాబట్టి ఇండియా పచ్చళ్లు వద్దు. చిన్నప్పుడు అయోడిన్ ఉప్పే వాడమని స్కూల్లో చెప్పిన దేశంవాణ్ని, ఇప్పుడు అది లేని ఉప్పు కోసం కొట్టు కొట్టూ తిరిగాను. మజ్జిగ లేకుండా భోజనం ముగించడం నాకు రాదు, చెయ్యి కడుక్కున్నా కంచం ముందే కూర్చుని ఉండేవాణ్ని. మాత్రలు ఆపడంతో చలి, మతిమరుపు, మెట్టెక్కితే నిద్ర.

18న ఆస్పత్రిలో సీసపు డబ్బాలోంచి ఒక్క క్యాప్సూల్ తీసి నా చేతికిచ్చి, ఇచ్చినావిడ తలుపు అవతలికి వెళ్లిపోయింది. తర్వాత నాలుగు రోజులు బేస్‌మెంట్‌లో ఒంటరిగా, కాగితం ప్లేట్లు, లాలాజలం ఊరడానికి నిమ్మబిళ్లలు. పాప నాలుగేళ్లది, మెట్ల పైనుంచి మాట్లాడేది. ఒకసారి ఉన్నట్టుండి లైటు ఆరిపోయింది. స్విచ్ పైన ఉంది. కాసేపయ్యాక "మెరవట్లేదమ్మా" అని వాళ్లమ్మకి చెప్పడం వినపడింది.

ఆదివారం, 21న, కింద పాత టీవీలో రోజంతా ఆ ఆరోగ్య బీమా బిల్లు మీద ప్రతినిధుల సభే చూశాను. మా మిషిగన్ డెమొక్రాట్ బార్ట్ స్టుపాక్ అబార్షన్ నిధుల గురించి పట్టుబట్టి చివరికి ఒప్పుకున్నాడు. బేనర్ ఊగిపోతూ అరిచాడు. రాత్రి పదిన్నర దాటాక ఓటింగ్, 219–212తో బిల్లు గెలిచింది. రిపబ్లికన్ ఓటు ఒక్కటీ లేదు, డెమొక్రాట్లు 34 మంది వ్యతిరేకం.

ఫోన్ మోగింది. నెల తర్వాత బావగారు.

"మీవాళ్లు గెలిచారయ్యా."

"మావాళ్లెవరు బావగారూ, నాకు ఓటే లేదు."

కాసేపు మాట్లాడలేదు. టీవీ ఆయన దగ్గరా మోగుతోంది, రెండు సెకన్లు వెనకగా. "జబ్బు చూసి ప్రీమియం పెంచకూడదట, 2014 నుంచి" అన్నారు. "అప్పటిదాకా ఆగితే నిన్ను పెట్టుకుంటా."

నవ్వాను, గొంతు నొప్పెట్టింది. ఏం తిన్నావని అడిగారు. ఉత్త పప్పు, అన్నం అన్నాను. పెరుగు ఎప్పటినుంచి అని అడిగారు.

"రేపట్నుంచి" అన్నాను. పైన మా ఆవిడ అప్పటికే పాలు తోడేసింది.