పక్క మంచం

2020 ఏప్రిల్ రెండో వారంలో నాకు కరోనా సోకిందని తేలింది. జ్వరం, దగ్గు, అంబులెన్సు, పరీక్షలు అందరికీ తెలిసినవే. నేను రాయదలచుకున్నది ఒక ప్రశ్న గురించి, దానికి నేనిచ్చిన జవాబు గురించి.

వార్డులో వివరాలు రాసుకుంటున్న ఉద్యోగి నా పేరు వినగానే తలెత్తి, "ఢిల్లీ నుంచి ఎప్పుడొచ్చావు?" అన్నాడు. ఇరవై ఏళ్లుగా రాయలసీమ పిల్లలకు తెలుగు పద్యాలు చెబుతున్నవాణ్ణి, ఢిల్లీ ముఖమే ఎరగను. వెళ్ళలేదని ఊరుకుంటే సరిపోయేది. భయంతో, "వెళ్లొచ్చింది ఆయన, నేను కాదు" అంటూ పక్క మంచం వైపు చెయ్యి చూపించాను. అక్కడ తస్బీ తిప్పుకుంటున్న పెద్దాయన వేళ్లు ఒక పూస దగ్గర ఆగిపోయాయి.

ఆ రోజుల్లో సాయంత్రమైతే టీవీలో మర్కజ్ లెక్క, అంటే ఢిల్లీలో తబ్లీగీ జమాత్ అనే ముస్లిం ధార్మిక సంస్థ కేంద్రంలో మార్చిలో జరిగిన సమావేశంతో ముడిపడిన కేసుల లెక్క, వేరుగా చదివేవారు. ఏప్రిల్ 18న దేశంలోని 14,378 కేసుల్లో 4,291 జమాత్‌కు సంబంధించినవని కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించింది. రోగం అక్కడ వ్యాపించిన మాట నిజమే. అయితే పరీక్షలే కరవైన కాలంలో వారిని వెదికి వెదికి పరీక్షించారు కనుక ఆ అంకె అంత పెరిగిందన్న సంగతి దాని పక్కన చెప్పగా నేను వినలేదు.

మూడో రాత్రి నా ఆక్సిజన్ 86కు పడిపోయింది. గొంతు పెగలలేదు. ఎవరినీ పిలవలేక కళ్లు మూతలు పడుతుండగా, ఆ పెద్దాయనే మంచం దిగి, గోడ పట్టుకుని తలుపు దాకా నడిచి, "సిస్టరమ్మా, మాస్టారుకు ఊపిరాడటం లేదు" అని అరిచారు. పరుగున వచ్చిన సిస్టరు నన్ను బోర్లా పడుకోబెట్టి, ఆక్సిజన్ పెంచి, తెల్లవారేదాకా గ్లౌజు వేసుకున్న చేత్తో నా వీపు నిమురుతూనే ఉంది. పీపీఈ సూటు మీద స్కెచ్ పెన్నుతో రాసుకున్న ఆమె పేరు తప్ప ముఖం నాకు తెలియదు. ఉదయం "చాచా, మాఫ్ చేయండి" అనబోతే ఆయన వినిపించుకోకుండా, "గంజి తాగావా, బేటా?" అని అడిగారు.

ఇంటికి చేరాక పాలామె మా గడప తొక్కడం మానేసింది. కేసులున్న పక్క వీధికి మాత్రం వెళ్లేది. ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ జమాత్ సభ్యులపై కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులుగా ఎంచుకున్నట్టుందని వ్యాఖ్యానించిందని చదివినప్పుడు ఏడుపు ఆగలేదు. 2021 రెండో వేవ్‌లో, అయినవాళ్లే దగ్గరికి రాని హిందువుల శవాలను మా కుర్రాళ్లు శ్మశానానికి మోస్తే, అదే వీధి చేతులెత్తి నమస్కరించింది. సంతోషించాను, మనుషులమని ఒప్పించుకోవడానికి శవాలు మోయవలసి వచ్చిందా అని మండిపడ్డాను కూడా. ఎవరికి జబ్బు చేసినా ఎక్కడ తగిలించుకున్నారని అడగకండి, ఊపిరి ఎలా ఉందో అడగండి.

ఐదు పూటలా దువాలో ఆ సిస్టరును, చాచాను తలచుకుంటాను. ఆ ఉద్యోగిని కూడా తలచుకోవాలని చేతులు చాస్తాను గాని, నోరు ఇంకా రావడం లేదు.