చల్లటి ఈతకొలను నుంచి సినిమా స్టూడియో దాకా

అనంతపురంలో మా వీధి దాటి గుత్తి రోడ్డు వైపు ఉదయపు నడకకు వెళ్తే, నిరుడు శనక్కాయ వేసిన చేను ఈ ఏడు వెంచర్‌గా మారి కనిపిస్తుంది. సున్నం కొట్టిన హద్దురాళ్ల మీద ఎర్ర రంగుతో ప్లాటు నంబర్లు రాశారు, దారికి అటూ ఇటూ రంగురంగుల జెండాలు పాతారు, ముందు సిమెంటు ఆర్చి కట్టారు. ఆర్చి వెనక ఇల్లు ఒక్కటీ లేదు. పన్నెండో నంబరు రాయి మొదట్లో మాత్రం, పీకడం మరిచిపోయిన శనక్కాయ చెట్టు ఒకటి ఎండి నిలబడి ఉంది. బ్యాంకులో ఇంటి రుణాల బల్ల దగ్గర ఏళ్ల తరబడి కూర్చున్నవాణ్ని కాబట్టి, ఇలాంటి చోట నాకు కంతుల లెక్కలే మనసులో మెదులుతాయి. ఈ మధ్య మాత్రం ఆ లెక్కల వెనకే ఒక జపాను పెద్దమనిషి కూడా గుర్తుకొస్తున్నాడు. ఆయన కూడా కొంతకాలం బ్యాంకు ఉద్యోగే. ఖాళీ పొలాల మధ్య రైలు పట్టాలు వేసి, వాటి పక్కన ప్లాట్లు అమ్మి, అక్కడి నుంచి ఎటెటో తిరిగి చివరికి తోహో అనే సినిమా సంస్థకు మూలపురుషుడయ్యాడు. గాడ్జిల్లా అనే రాక్షసజీవిని ప్రపంచానికి చూపించిన సంస్థ అదే. దర్శకుడు కురొసావా గొప్ప చిత్రాలు చాలావరకు వచ్చింది అందులోంచే.

ఆయన పేరు ఇచిజో కొబయాషి. 1873 జనవరి 3న యమనాషి ప్రాంతంలోని నిరసాకిలో పుట్టాడు. జపనీస్ లిపిలో ఇచిజో అని రాస్తే ఒకటి, మూడు అనే అంకెలే కనిపిస్తాయి, అంటే పుట్టిన తేదీనే పేరుగా పెట్టారన్నమాట. పుట్టిన కొన్ని నెలలకే తల్లి పోయింది, తండ్రి తన పుట్టింటివారి దగ్గరికి వెళ్లిపోయాడు, పిల్లవాణ్ని బంధువులు పెంచారు. టోక్యోలోని కెయో విద్యాసంస్థలో చదువుకునే రోజుల్లో, 1890లో, స్వస్థలపు పత్రికలో ఒక నవలను ధారావాహికగా రాయడం మొదలుపెట్టాడు. అది అప్పట్లో జరిగిన ఒక హత్య ఆధారంగా అల్లిన కథ కావడంతో పోలీసుల ఆరా మొదలై మధ్యలోనే ఆగిపోయింది. రచయిత కావాలనుకున్న ఆ యువకుడు 1893లో మిత్సుయి బ్యాంకులో చేరి, దాదాపు 14 ఏళ్లు అక్కడే పనిచేశాడు. ఆయన్ని కేవలం లాభనష్టాల మనిషిగా చిత్రించే వ్యాసాలు ఈ నవల సంగతిని ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. నాకు మాత్రం ఆయన తర్వాత చేసిన ప్రతి పనిలోనూ, జనం సాయంత్రం పూట ఏం కోరుకుంటారో ఊహించగలిగిన ఆ కథకుడే కనిపిస్తాడు.

1907లో బ్యాంకు వదిలి ఒసాకాలో మినో అరిమా అనే విద్యుత్ రైలు సంస్థ బాధ్యత తీసుకునేనాటికి షేర్ల మార్కెట్టు కుప్పకూలి ఉంది. ఆ సంస్థ షేర్లలో దాదాపు సగానికి కొనేవారే లేరు. మార్గం చూస్తే ఇంకా అధ్వానం: ఒసాకా నగరపు ఉమెదా నుంచి తకరజుకా అనే వేడినీటి బుగ్గల ఊరి దాకా సుమారు 25 కిలోమీటర్లు, దారిపొడవునా ఎక్కువగా పొలాలే. రైలు వేస్తే ఎక్కేదెవరు అని అందరూ అడిగిన ప్రశ్నకు కొబయాషి జవాబు సూటిగా ఉంది. ఎక్కేవాళ్లు లేకపోతే వాళ్లను అక్కడికి తెచ్చి కాపురం పెట్టించాలి. పట్టాలు పడకముందే ఆ దారి పక్కన భూములు చవగ్గా కొన్నాడు. 1910 మార్చి 10న రైలు మొదలైంది, అదే ఏడు ఇకెదా ఊరి దగ్గర ఇళ్ల అమ్మకం మొదలైంది. ఒక్కొక్కటి సుమారు వంద త్సుబోల స్థలం, అంటే మన లెక్కలో దాదాపు నాలుగు వందల చదరపు గజాలు, అందులో ఇల్లు. కొంత ముందు కట్టి, మిగిలింది పదేళ్ల పాటు నెలనెలా కంతులుగా చెల్లించే ఏర్పాటు చేశాడు. నెలజీతం మీద బతికే గుమాస్తాకు సొంత ఇంటి యోగం పట్టించిన ఆ పద్ధతి అప్పటి జపానుకు చాలా కొత్త. మా బల్ల దగ్గర ఎన్నో ఏళ్లు నేను నింపించిన కాగితాల సారం కూడా ఇంతే, కాకపోతే మా దగ్గర రుణం ఇచ్చేది ఒకరు, ఇల్లు కట్టేది ఒకరు, బస్సు నడిపేది మరొకరు. ఆయన మూడింటినీ ఒకే ఖాతా పుస్తకంలో రాసుకున్నాడు.

ఉదయం గుమాస్తాలతో ఒసాకా వైపు రైళ్లు నిండుతాయి. మరి అవతలి చివర తకరజుకా వైపు వెళ్లే పెట్టెల సంగతేమిటి? వాటిని నింపడానికి ఆయన 1911లో అక్కడ వేడినీటి స్నానశాల కట్టించాడు, ఆ మరుసటి ఏడు దాని పక్కనే కప్పు ఉన్న ఈతకొలను ఒకటి కట్టించాడు. ఈ ఈతకొలను గురించి కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి. లోపలికి ఎండ పడదు, నీటిని వెచ్చబరిచే ఏర్పాటు లేదు, దిగినవాడు అయిదు నిమిషాల్లో వణుకుతూ బయటికి వచ్చేవాడు. పైగా ఆడా మగా కలిసి ఈదడానికి అధికారులు ఒప్పుకోలేదు, కాబట్టి కుటుంబంతో వచ్చినవాళ్లకు అది పనికే రాలేదు. కట్టిన డబ్బు నీళ్లపాలైంది అనే మాట ఇంత అచ్చంగా సరిపోయే సందర్భం నాకు ఇంకొకటి తెలియదు. ఆయన ఆ కొలనులోని నీళ్లు తీయించి, పైన పలకలు పరిపించి, బట్టలు మార్చుకునే గదిని రంగస్థలంగానూ నీళ్ల తొట్టిని ప్రేక్షకులు కూర్చునే చోటుగానూ మార్చాడు. అప్పటికి ఒక పేరున్న దుకాణంవారు మగపిల్లలతో నడుపుతున్న వాద్యబృందం జనాన్ని ఆకట్టుకుంటోంది. అది చూసి, 1913లో ఆడపిల్లలతో ఒక గానబృందం తయారు చేయించాడు. 1914 ఏప్రిల్‌లో వాళ్ల తొలి ప్రదర్శన ఆ నీళ్లులేని కొలనులోనే జరిగింది. స్నానశాల టికెట్టు కొన్నవారికి ఆట ఉచితం. మగపాత్రలు కూడా స్త్రీలే వేసే తకరజుకా నాటక సంప్రదాయం అలా పుట్టింది, నేటికీ నడుస్తోంది. పదేళ్లు తిరిగేసరికి, 1924లో, అక్కడే సుమారు 4000 మంది పట్టే రంగశాల లేచింది. సీట్లు ఎక్కువైతే టికెట్టు తగ్గించవచ్చు, తగ్గిస్తే ఇంటిల్లిపాదీ వస్తారు అన్నది ఆయన సూత్రం.

ఇదే సూత్రం ఉమెదా స్టేషనులో 1929లో తెరిచిన హన్‌క్యూ డిపార్ట్‌మెంట్ స్టోరులోనూ కనిపిస్తుంది (రైలు సంస్థ 1918లోనే హన్‌క్యూగా పేరు మార్చుకుంది). ఆర్థికమాంద్యపు రోజులవి. పై అంతస్తు భోజనశాలలో కూర కొనే స్తోమత లేనివాళ్లు ఉత్త అన్నం మాత్రమే అడిగి, బల్ల మీద ఉచితంగా పెట్టిన సాస్ పోసుకుని తినేవారు. పనివాళ్లు విసుక్కున్నారు. కొబయాషి మాత్రం ఉత్త అన్నం అడిగేవారికి కూడా స్వాగతం అని బోర్డు పెట్టించాడు. ఈరోజు అన్నం మెతుకులతో సరిపెట్టుకునే కుర్రవాడు రేపు పెళ్లాం బిడ్డలతో ఇక్కడికే వస్తాడని ఆయన లెక్క. మా ఊళ్లో అప్పు పద్దు రాసుకునే కిరాణా కొట్టువాడికి కూడా ఈ లెక్క తెలుసు, పెద్ద సంస్థ అధిపతికి తెలియడమే అరుదు.

సినిమాకు ఇంత ఆలస్యంగా వస్తున్నానంటే కారణం ఉంది. ఆయన కూడా ఆలస్యంగానే వచ్చాడు, అదీ స్టూడియో వైపు నుంచి కాదు, సీట్ల వైపు నుంచి. 1932లో టోక్యో తకరజుకా థియేటర్ అనే సంస్థను స్థాపించి, 1934 జనవరి 1న హిబియా ప్రాంతంలో ఆ రంగశాలను తెరిచాడు. వెంటనే పక్కనే సినిమా హాలు కట్టాడు, 1935లో నిచిగెకీ అని అందరూ పిలిచే పెద్ద థియేటరును కూడా చేతిలోకి తీసుకున్నాడు. కార్యాలయాల నడుమ, స్టేషనుకు నడక దూరంలో ఒక వినోదాల పేటనే తయారు చేశాడు. టోక్యోలోని ‘తో’, తకరజుకాలోని ‘తకర’ అనే అక్షరానికి మరో ఉచ్చారణ అయిన ‘హో’ కలిస్తే తోహో. ఆ పేరులోనే స్టేషనుకు స్టేషను కలిసినట్టుంది.

హాళ్లు కట్టాక వాటిలో ఆడించడానికి బొమ్మలు కావాలి. టోక్యో శివారులోని కినుతాలో పి.సి.ఎల్. అనే సంస్థ ఉండేది. ఫిల్ము కడగడం, శబ్దం పట్టడం అనే సాంకేతిక పనులతో మొదలై, మాటల సినిమా వచ్చాక సొంతంగా చిత్రాలు తీయసాగింది. క్యోటోలో జె.ఓ. అనే మరో స్టూడియో ఉండేది. ఈ రెండూ తోహో పరిధిలోకి వచ్చి 1937లో తోహో ఎయిగా (అంటే తోహో సినిమా) అనే సంస్థ ఏర్పడింది. 1943లో థియేటర్ల సంస్థా చిత్రనిర్మాణ సంస్థా ఒక్కటై ఇప్పటి తోహో రూపం తీసుకుంది. నాటకరంగం నుంచి ఎదిగిన షోచికు, పాత కాపు నిక్కత్సు మొదలైన సినిమా సంస్థలు ఈ రైళ్లాయన రాకను సహించలేదు. 1937లో నాలుగు సంస్థలు కూడబలుక్కుని, తోహో చిత్రాలు ఆడే హాళ్లకు తమ చిత్రాలు ఇవ్వబోమన్నాయి. అదే ఏడు నవంబరులో షోచికు వదిలి తోహోకు వచ్చిన అగ్రనటుడు కజువో హసెగావా ముఖాన్ని ఒక దుండగుడు కత్తితో కోశాడు. అందమైన ముఖమే ఆస్తిగా బతికే మనిషికి అంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది? ఆయన కోలుకుని, అంతవరకు ఉన్న రంగస్థల నామాన్ని పాత యజమానులకే వదిలేసి, సొంత పేరుతో మళ్లీ నటించాడు.

నాకు నచ్చిన సంగతి పి.సి.ఎల్. నుంచి తోహోకు వారసత్వంగా వచ్చిన పని పద్ధతి. ప్రతి చిత్రానికీ నిర్మాత బాధ్యుడు, ముందే ఖర్చు అంచనా, ముందే రోజుల లెక్క ఉండేవి. సహాయ దర్శకులను కూడా చుట్టరికం చూసి కాక పత్రికలో ప్రకటన వేసి, వ్యాసం రాయించి, ఎంపిక చేసేవారు. 1935లో అలా ప్రకటన చూసి, జపాను సినిమాల మౌలిక లోపాలేమిటో రాసి పంపినవారిలో 25 ఏళ్ల అకిరా కురొసావా ఒకడు. ఉద్యోగమిచ్చే కంపెనీకే దాని సరుకులో లోపాలు రాసి పంపినవాణ్ని తీసుకున్నారంటే, ఆ పరీక్ష పెట్టినవారిని మెచ్చుకోవాలి.

అన్నీ మెచ్చుకోదగ్గవి కావు. 1940 జూలై నుంచి 1941 ఏప్రిల్ దాకా కొబయాషి వాణిజ్య పరిశ్రమల మంత్రిగా ఉన్నాడు, చమురు కోసం డచ్చివారి ఏలుబడిలోని ఇండోనేషియాకు రాయబారిగా కూడా వెళ్లాడు. యుద్ధకాలంలో తోహో సైన్యాన్ని కీర్తించే చిత్రాలు తీసింది. యుద్ధానికి ముందు మంత్రిగా ఉన్నందుకు, ఓటమి తర్వాత 1946లో అమెరికన్ల ఆక్రమణ ప్రభుత్వం ఆయనను బహిరంగ పదవుల నుంచి తొలగించింది. ఆయన కట్టిన టోక్యో రంగశాలను అమెరికన్ సైనికులు తమ వినోదానికి తీసుకుని పేరు కూడా మార్చేశారు, 1955 దాకా తిరిగి ఇవ్వలేదు.

ఆయన లేని కాలంలోనే కినుతాలో సమ్మెలు జరిగాయి. రెండో సమ్మె నాటికి కొందరు అగ్రతారలు విడిపోయి 1947లో షింతోహో అనే వేరు కుంపటి పెట్టుకున్నారు. 1948లో పెద్దసంఖ్యలో ఉద్యోగాలు తీసేయబోతే, కార్మికులు స్టూడియోను ఆక్రమించి, తుఫాను దృశ్యాలకు వాడే భారీ పంకాలను గేటు దగ్గర రక్షణగా నిలబెట్టారు. ఆగస్టు 19న సుమారు 2 వేల మంది పోలీసులు, వారి వెనక అమెరికన్ ట్యాంకులు, పైన విమానాలు వచ్చాయి. రానివి యుద్ధనౌకలు మాత్రమే అని ఆ రోజు గురించి జపానువారు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ గొడవలతో విసిగిన కురొసావా కొన్నేళ్లు బయట పనిచేశాడు. అందువల్లే, 1951లో వెనిస్‌లో అత్యున్నత బహుమతి గెలిచిన ఆయన ‘రషోమాన్’ తోహోది కాదు, పోటీ సంస్థ దైయేది. సీట్లు నింపడం ఎరిగిన సంస్థకు మనుషులను నిలుపుకోవడం అప్పుడు చేతకాలేదు.

ఈ కథంతా తాడిపత్రి బండల వ్యాపారం చేసే మిత్రుడికి చెబితే, ఆయన టీ గ్లాసు కింద పెట్టి, “ఏమప్పా, ప్లాట్లు అమ్మినోడు సినిమాలు గూడా తీసినాడా?” అన్నాడు. మీ ఊరి మూలా నారాయణస్వామి తీయించలేదా అని నేను ఎదురు ప్రశ్న వేశాను. తాడిపత్రి వ్యాపారి అయిన ఆయన, కడప జిల్లాకు చెందిన బి.ఎన్. రెడ్డి కలిసి మద్రాసులో వాహినీ సంస్థను నిలబెట్టారు, 1939లో ‘వందేమాతరం’తో మొదలుపెట్టారు. తర్వాత వాహినీ స్టూడియో బి.ఎన్. తమ్ముడు నాగిరెడ్డి చేతికి వచ్చి విజయా వాహినీగా ఎదిగింది. సీమ డబ్బు, సీమ మనుషులు, స్టూడియో మాత్రం వడపళనిలో. మావాళ్లు స్టూడియో నుంచి మొదలుపెట్టి హాళ్ల వైపు చూశారు, కొబయాషి హాళ్ల నుంచి స్టూడియో వైపు నడిచాడు. తేడా అక్కడే ఉందని నా అభిప్రాయం. మిత్రుడు దీనికి ఒప్పుకోలేదు. “మావోళ్లకు రైలు యాడుండాది?” అన్నాడు. అదీ నిజమే.

నిషేధం తొలగాక కొబయాషి 1951లో తోహో అధ్యక్షుడిగా తిరిగి వచ్చాడు, అప్పటికి 78 ఏళ్లు. కురొసావా కూడా తిరిగి వచ్చాడు. 1954 ఏప్రిల్‌లో విడుదలైన ‘సెవెన్ సమురాయ్’కి ముందే వేసిన ఖర్చు అంచనాలూ రోజుల లెక్కలూ ఏవీ నిలబడలేదు. డబ్బు అయిపోయి సంస్థ చిత్రీకరణ ఆపేసినప్పుడల్లా, దర్శకుడు చేపలు పట్టడానికి వెళ్లి కూర్చునేవాడు. ఇంత దూరం వచ్చాక ఇక వదలరులే అని ఆయన ధీమా. బ్యాంకులో సగం కట్టిన ఇళ్లకు రెండో విడత రుణం అడగడానికి వచ్చేవాళ్ల ముఖాల్లో ఇదే ధీమా చూశాను నేను.

అదే ఏడు నవంబరు 3న ‘గాడ్జిల్లా’ వచ్చింది. ఇండోనేషియాతో కలిసి తీయాల్సిన చిత్రం చెడిపోయి, నిర్మాత తొమొయుకి తనాకా ఆ ఖాళీని నింపడానికి హడావుడిగా పట్టుకున్న ఆలోచన అది. యుద్ధచిత్రాల కోసం చిన్న చిన్న నమూనా ఓడలూ రేవులూ కట్టడంలో చేయి తిరిగిన ఎయిజి త్సుబురాయా, ఈసారి అదే నేర్పుతో టోక్యో నగరాన్ని చిన్నదిగా కట్టి, బరువైన రబ్బరు తొడుగులో మనిషిని దించి తొక్కించాడు. కొబయాషి అధ్యక్షుడిగా ఉండగా ఆయన సంస్థ తీసిన ఆ చిత్రంలో, రాక్షసజీవి నగరంలోకి రాగానే పట్టాల మీద వస్తున్న రైలుకు అడ్డం పడి, ఒక పెట్టెను నోట కరిచి పైకెత్తుతుంది. ఆ తర్వాత మరో రాత్రి తోకతో కొట్టి కూల్చేది నిచిగెకీ థియేటరును, అంటే తోహో సొంత హాలునే.