పానకం, ఫారం 8606

ఏప్రిల్ 6, 2025, ఆదివారం. డాలస్.

శ్రీరామనవమి. పొద్దున్నే పానకం, వడపప్పు నైవేద్యం పెట్టేసి, మధ్యాహ్నం ట్యాక్స్ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాం. గడువు ఇంకా తొమ్మిది రోజులే.

2024లో మా ఇద్దరి ఆదాయం కలిపి 2,40,000 డాలర్లు దాటింది కాబట్టి, పన్ను కట్టిన డబ్బు వేసి రిటైరయ్యాక పన్ను లేకుండా తీసుకునే ఖాతా, అంటే రాత్ ఐఆర్‌ఏలో నేరుగా వేసే వీల్లేదు. అందుకే చెరో 7,000 డాలర్లు, మామూలుగా తీసేటప్పుడు పన్ను పడే ట్రెడిషనల్ ఐఆర్‌ఏ‌లో వేసి, అక్కణ్ణుంచి రాత్‌కి మార్చాం. అప్పటికే పన్ను పోగా చేతికొచ్చిన జీతం డబ్బది. అయినా ఐఆర్‌ఏలోంచి తీసిన డబ్బుకు బ్రోకరేజీ పంపే కాగితం, నా 1099-ఆర్, రిటర్నులో ఎక్కించగానే కట్టాల్సిన పన్ను దాదాపు 1,680 డాలర్లు పెరిగింది. గుండె గుభేలుమంది.

కాగితం మళ్ళీ చదివాను. బాక్స్ 1లో (తీసిన మొత్తం) 7,003, 2ఎలోనూ (పన్ను పడే మొత్తం) 7,003. దాని కిందే చిన్న గడిలో టిక్కు: ఎంతకు పన్ను పడుతుందో తేల్చలేదని. నిజమే, ఆ డబ్బుకు నేను మినహాయింపు తీసుకున్నానో లేదో బ్రోకరేజీ వాళ్ళకెలా తెలుస్తుంది? చెప్పాల్సింది నేను, ఐఆర్‌ఏలో పన్ను కట్టేసిన డబ్బు ఎంతో చూపే ఫారం 8606లో. అది నింపాక అసలు రిటర్ను ఫారం 1040లో 4ఎ (తీసింది) దగ్గర 7,003, 4బి (పన్ను పడేది) దగ్గర 3 మిగిలాయి. ఆ మూడు డాలర్లు మధ్యలో వచ్చిన వడ్డీ. ఆ టిక్కు చూడక ఎంతమంది మనవాళ్ళు రెండోసారి పన్ను కట్టేస్తున్నారో అని బాధేసింది.

మా ఆయనది అంత తేలిగ్గా తేలలేదు. పాత కంపెనీ 401(కె), అంటే ఉద్యోగం ద్వారా కూడబెట్టిన రిటైర్మెంట్ డబ్బు, ఎప్పుడో ట్రెడిషనల్ ఐఆర్‌ఏలోకి తెచ్చుకున్నారు. డిసెంబర్ 31న అందులో 21,000 ఉంది.

"నేను మార్చింది కొత్త 7,000 కదా, అకౌంటే వేరు" అన్నారు.

పానకం గ్లాసు ఆయన ముందుకు జరిపి, "ఇందులోంచి బెల్లం ఒక్కటే తాగండి చూద్దాం" అన్నాను.

అకౌంట్లు ఎన్నున్నా ఐఆర్ఎస్ (పన్నుల శాఖ) లెక్కకి ట్రెడిషనల్ ఐఆర్‌ఏలన్నీ ఒకటే. పాత 21,000, కొత్త 7,000 కలిపి 28,000లో పన్ను కట్టేసింది పావు వంతు. అందుకని మార్చిన దాంట్లో 1,750కి పన్ను లేదు, 5,250కి ఉంది. ఆ పన్ను 1,260 డాలర్లు! ఏడాది ముగిసేలోపు ఆ 21,000 ఇప్పటి కంపెనీ 401(కె)లోకి పంపేసి ఉంటే ఈ బాధ లేకపోను. రాత్‌కి మార్చినదాన్ని వెనక్కి తిప్పుకునే దారి 2018 నుంచే మూసేశారు.

ఆయన 8606లో 14వ లైను దగ్గర 5,250 అని పడింది. ముందు ముందు పన్ను లేకుండా తీసుకోగలిగే సొమ్ముకు లెక్క అదే. ఇద్దరి ఫారాలూ ప్రింటు తీసి పాస్‌పోర్టులున్న ఫైల్లో పెట్టి, అమ్మాయికి చూపించాను.

2025కి ఇంకా ఏమీ వేయలేదు. ముందు ఆ 21,000 సంగతి చూడాలి. రేపు ఫోన్ చేస్తానన్నారు.